ఓపిక

వల్పరాయిసోలో కొండెక్కే పెట్టె ఒకటుంది,
ఇనుప తాడు పట్టుకుని పాకే ముసలి చెక్క పెట్టె.
దాని కింది గదిలో పద్దెనిమిదేళ్లుగా
నాణేలు అందుకుని గేటు తిప్పేది ఒర్తెన్సియా.
కొండ మీది వాళ్లందర్నీ పైకి పంపేది,
తాను కుర్చీకి అతుక్కుని.

మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లలో ఇసుక.
చెప్పు పట్టీ పెట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి,
లేచాక గోడతో కాసేపు స్నేహం చేయాలి.
ఇంట్లో రిమోట్ రెండడుగుల దూరంలో ఉంటే
వస్తున్న చానలే చూసేది,
నచ్చకపోయినా.
నిద్రకేం, పుష్కలం.
పది గంటలు పడుకుని లేచినా
రాత్రంతా ఒళ్లు ఎవరో అద్దెకు వాడుకుని
తిరిగిచ్చినట్టుండేది.

తమ్ముడు నెస్తోర్‌కి నత్తి.
"అక్కా, రే... రే... రేపు..." అని
వాడు మాట కోసం తడుముకుంటుంటే
"రేవుకెళ్తావు, డబ్బులు కావాలి, అంతేగా"
అని తనే ముగించేసేది.
వాడు తలూపేవాడు.
చిల్లర జేబులో వేసుకుని వెళ్లిపోయేవాడు.

ఏప్రిల్‌లో తాడు అరిగిందని పెట్టె ఆపేశారు.
మూడు నెలల మరమ్మతు అన్నారు, పదమూడయింది.
పెట్టె నడవడం లేదని చెప్పడానికి
ఆమెను అదే గదిలో కూర్చోబెట్టారు.
ఇల్లు పైన, ఉద్యోగం కింద,
నడుమ రెండు వందల పద్నాలుగు మెట్లు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి:
మొదట్లో ఓపిక రాదు,
ఉన్నది కాస్తా పోతుంది.
నలభయ్యో మెట్టు మీద చెమట,
తొంభయ్యో మెట్టు మీద మొక్కులు,
నూట ఇరవై దగ్గర మేయరుకి శాపనార్థాలు.
రాత్రిళ్లు పిక్కలు వేరే గదిలో ఏడ్చినట్టు ఏడ్చేవి.
ఎవరిదో కుక్క
ఆమె ఆగిన చోటల్లా ఆగి జాలిగా చూసేది.
దాన్నీ తిట్టింది.

ఎప్పుడు మారిందో ఆమెకీ తెలీదు.
జూన్ వానల్లో ఒకరోజు కుక్క వెనకబడింది.
ఇంకోరోజు గడియారం చూస్తే ఐదు,
మూడు గంటల ఇసుక దారి తప్పినట్టుంది.
రాత్రి రొట్టెలు నాలుగు నుంచి రెండుకి దిగాయి,
ఎవరూ వద్దనలేదు.

గ్యాసు కుర్రాడు గుమ్మంలో సిలిండర్ దించి పోయాడు.
పదకొండు కిలోలని దాని మీదే రాసుంది.
వంటింట్లోకి మోస్తూ సగంలో ఆగిపోయింది.
క్లినిక్‌లో నర్సు రాసిచ్చిన అంకె అదే.
"దీన్ని కట్టుకునా నేను పడుకున్నది?
దీన్ని మోస్తూనా స్నానం చేసింది?
చెల్లెలి పెళ్లిలో కాళ్లనొప్పులని
ఒక్క ఆటా ఆడకుండా కూర్చున్నది?"

అన్నీ బాగుపడ్డాయని కాదు.
ఎడమ మోకాలు ఇంకా కిర్రుమంటుంది.
ఆగస్టులో జ్వరమొచ్చి పది రోజులు మళ్లీ సోఫా,
రెండు కిలోలు అప్పులవాళ్లలా
తలుపు తట్టకుండానే తిరిగొచ్చాయి.

మన భాషలో ఒక మాటుంది, ఆమెకు తెలియదు.
ఒంట్లో సత్తువకీ
ఎదుటి మనిషి కోసం ఆగడానికీ
ఒకటే పేరు.
రెండూ ఒకే కుండలో నీళ్లని
మొదట కనిపెట్టినవాళ్లెవరో గానీ
వాళ్లూ ఏవో మెట్లెక్కే ఉంటారు.

ఆదివారం నెస్తోర్ వచ్చాడు.
"అక్కా, రే... రే..."
అలవాటు కొద్దీ చెయ్యి పర్సు మీదకి వెళ్లింది,
వెళ్లి అక్కడే ఉండిపోయింది.
పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి.
ఆమెకు తొందరేం లేదు.
వాడు "రేపు" దాటాడు,
"రేవు" దగ్గర జారి, మళ్లీ లేచాడు,
"నువ్వు..." అన్నాడు,
చెమట తుడుచుకున్నాడు,
"నాతో... వస్తావా?"

ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నావురా ఇది, అంది.

వాడు వేళ్లు చూపించాడు.
ఒక చెయ్యి చాల్లేదు.